కూలరు పక్కన కూసున్న

ఫలజ్ అల్ ఖబైల్‌ల టైపింగ్ సెంటరు మూసే యాళ్లకు
కుంజుమోన్ రాజనర్సు జీతం కాయితం తిప్పి చూసి
"మనిషి ఏడి, సంతకం కావాలె" అన్నడు.
లేడన్న.
"సెలవా?"
ఆ, సెలవే.
సెలవు మీద పోయే పోయిండు.

జగిత్యాల వకీలు రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తడు.
ఆడ పదకొండైతే ఈడ తొమ్మిదిన్నర,
క్యాంపుల అప్పుడే బకిట్ల లైను.
ఇటుకల కంపెనీ అరబ్బీల ఇచ్చిన కాయితాన్ని
ఇంగ్లీషు చేపియ్యాలె, మస్కట్‌ల ముద్ర కొట్టియ్యాలె,
లేకుంటే ట్రిబ్యునల్ రాజనర్సును
ఊర్ల కూలీ కింద లెక్క కడుతదట.
ఇన్సూరెన్సు వకీలు లేచి ఇప్పటికే అన్నడట:
"వీసా రెండేండ్లదే అయ్యా,
ఆ తర్వాత ఈ రియాళ్లు వస్తయని ఎవరు చెప్పాలె?"

నిజమే.
మాకు సుత ఎవ్వరూ చెప్పలే.

లెక్క ఎట్ల సారూ అంటే
పిల్లగానికి ఎక్కాలు చెప్పినట్టు చెప్పిండు.
జీతం నూట ఇరవై రియాళ్లు.
దాని మీద నూటికి నలభై కలుపుతరట,
బతికుంటే మనిషి ఎదుగుతుండె గదా అని.
నవ్వొచ్చింది నాకు.
ఆరేండ్లల కంపెనీ పెంచింది ఏడు రియాళ్లు.
కోర్టు వాని మీద పెట్టుకున్న ఆశ
మా ఫోర్‌మన్ ఒక్కనాడు పెట్టుకోకపాయె.

ముప్పై మూడేండ్లోడు గనుక పదహారుతోని హెచ్చిస్తరు.
పదహారే ఎందుకన్న.
పట్టికల అట్లున్నదన్నడు.

అటెన్క నాలుగో వంతు కొట్టేస్తరు.
గంగజల, ఇద్దరు పోరలు, తల్లి,
నలుగురు వాని మీద బతికిరి గనుక
నాలుగో వంతు వాడు తనకోసం తిన్నట్టు, కట్టుకున్నట్టు, తిరిగినట్టు.

నా చెయ్యి మెస్సు నోటుబుక్కు మీదికి పోయింది.
రూములో లెక్క రాసేది నేనే.
ఫిబ్రవరి. బియ్యం, మైసూరుపప్పు, గుడ్లు, గ్యాసు,
రాజనర్సు వాటా పది రియాళ్ల నాలుగు వందల బైసలు.
సిమ్ముకు రెండు.
పన్నునొప్పి గోళీలకు నా కాడ ఆరొందల బైసలు బదులు,
పక్కన టిక్కు ఉన్నది, తీర్చిండు.
పదమూడున్నర దాటిన నెల లేదు.
నాలుగో వంతంటే ముప్పై, సారూ.
మిగిలింది ఎవడు తిన్నడు?

అటుదిక్కు కొంచెం సేపు సప్పుడు లేదు.
"నోటుబుక్కు నిలవది తమ్మీ,
చట్టం అందరి సగటు చూస్తది."

అసలు కొట్లాట గిదేం గాదట.
కూలరు కాడ.

సామాన్ల ట్రాలీ ఆటోల మనిషి ఎందుకెక్కిండు?
ఉత్తగ ఎక్కితే పాలసీకి సంబంధం లేదంటరు.
తన సామానుకు కావలిగ ఎక్కితే
ఇన్సూరెన్సోళ్లు ఇయ్యాల్సిందే.
పంచనామల కూలరు లేదు.
రోడ్డు మీద పడ్డదాన్ని
పోలీసులు వచ్చేలోపే ఎవలో ఎత్తుకపోయిండ్రు.
దుకాణపోడు బిల్లే ఇయ్యలేదాయె.

నా ఫోన్‌ల ఉన్నది.
మే పంతొమ్మిది, ఇరవై మూడు సెకండ్ల వాయిస్.
"అన్నా, కూలరు కొన్న, మెట్‌పల్లిల, పెద్దది.
ట్రాలీల ఎక్కిచ్చిన.
ఒరుగుతదేమోనని పక్కనే కూసున్న, పట్టుకోని."
ఆ మీద అంతా గాలి.

ఏడాదిన్నరాయె, రెండోసారి ఇనలే.
తెర పలిగినా ఫోన్ మార్చలే.

గొంతుకు సుత సర్టిఫికెట్ కావాలట.
ఇది నా ఫోనే,
ఇందుల నేనేం కలపలే, ఏం తియ్యలే అని సంతకం.
ఆదివారం పొద్దుగాల బస్సుకు మస్కట్ పోవాలె,
ఒకరోజు జీతం కోత.
అది ఏ లెక్కల రాయాల్నో సమజ్ గాలే.
రాజనర్సు పేరు మీద రాసిన.
కొట్టేసిన.

కుంజుమోన్ పైసలు తీస్కోలే.
వైరు పెట్టి వాయిస్ తన కంప్యూటర్లకు ఎక్కిచ్చుకుంట
"ఎనక గాలే ఉన్నది గదా, కోసెయ్యాల్నా?" అన్నడు.

వద్దన్న.
ఏం తియ్యలే అని రాసిచ్చిన గదా.